మా గల్లీకి ఇంటర్నెట్ తెచ్చిన నసీం ఆపా

నిన్న పొద్దున నేను పనిచేసే మెడికల్ షాపుకు వెళ్తూ రామాయంపేటలో బస్సు దిగుతుండగా ఫోన్ మోగింది. మా పక్కింటి బాలమణి.

"అక్కా, నసీం ఆపా పోయింది. మిషిన్ ముందట కూసున్నది కూసున్నట్టే ఒరిగింది. జల్ది రా."

"ఏ నసీం ఆపా?" అని అడిగాను.

మా గల్లీలో ఉన్నది ఒక్క నసీం ఆపానే. అయినా అడిగాను.

రోడ్డు దాటి మళ్లీ మెదక్ బస్సెక్కాను. దారి ఏమీ గుర్తు లేదు.

తెలియనివాళ్ల కోసం చెప్తున్నాను. ఆపా మా ఎదురింటి టైలర్. భర్త పోయి చాలా ఏళ్లయింది. పిల్లలు లేరు. తనకంటూ మిగిలింది చెల్లెలు షాహీన్ ఒక్కతే. షాహీన్‌కు పుట్టుకతోనే వినపడదు, మాట రాదు. భర్తతో జహీరాబాద్‌లో ఉంటుంది. ఆయనకూ వినపడదు.

నేను చేరేసరికి ఆపాను మంచం మీద పడుకోబెట్టారు. అందరూ నా వైపు చూశారు.

షాహీన్‌కు ఇంకా ఎవరూ చెప్పలేదు. మామూలు ఫోన్ చేసి చెప్పలేం. మెసేజ్ పెడదామంటే తనకు చదవడం అంతగా రాదు. ఆపా పక్కన కూర్చుని వాళ్ల చేతుల భాష కాస్త నేర్చుకున్నది నేనొక్కదాన్నే.

ఆపా ఫోన్ నుంచే వీడియో కాల్ చేశాను.

షాహీన్ చేతులకు రొట్టెల పిండి. నన్ను చూసి నవ్వింది. సూదిలో దారం ఎక్కిస్తున్నట్టు వేళ్లు కలిపి చూపించింది. వాళ్ల భాషలో ఆపా అంటే అది. ఆపా ఎక్కడ అని అడుగుతోంది.

నేనూ వేళ్లు కలిపాను. ఆ తర్వాత చెప్పాల్సింది నా చేతుల వల్ల కాలేదు.

ఫోన్ మెల్లగా మంచం వైపు తిప్పాను.

మాట రాని షాహీన్ పెట్టిన కేక ఆ గది అంతా వినపడింది.

రాత్రంతా నాకు పాత సంగతులే గుర్తొచ్చాయి.

ఇంట్లో నెట్ లేని రోజుల్లో ఆపాకు ఫోన్ డేటానే దిక్కు. మా ఇరుకు గల్లీలో సిగ్నల్ అంతంతమాత్రం. షాహీన్ ఏదో చెబుతుంటే చెయ్యి గాల్లోనే ఆగిపోయేది. ఆపా ఫోన్ పట్టుకుని మెయిన్ రోడ్డు దాకా నడిచేది.

ఒకరోజు షాహీన్ పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. మొహం మసకమసకగా ఉంది. అంతలోనే కాల్ కట్ అయింది. మళ్లీ కలవలేదు.

చెల్లెలు కడుపుతో ఉందనుకుంది ఆపా. పెళ్లయిన ఎన్నో ఏళ్లకు. సేమియా పాయసం వండి ఇంటింటికీ పంచింది.

"ఖాలా అయితున్న బిడ్డా, పెద్దమ్మనైతున్న, తిను" అని నా చేతిలో గిన్నె పెట్టింది.

మర్నాడు షాహీన్ మరిది ఫోన్ చేశాడు. కడుపు పోయిందట. దవాఖానలో ఉందట. కడుపు వచ్చిన సంగతి, పోయిన సంగతి, రెండూ షాహీన్ ఆ ఒక్క కాల్‌లోనే చెప్పబోయింది.

పాయసం గిన్నెలు తిరిగివ్వడానికి జనం వస్తుంటే ఆపా తలుపేసుకుంది.

జహీరాబాద్ వెళ్లి, చెల్లెలు కోలుకునేదాకా ఉండి వచ్చింది. రాగానే, "నెట్ ఆఫీసుకు పోదాం పా" అంది. ఇద్దరం వెళ్లాం.

అక్కడి మేనేజర్ మర్యాదగానే మాట్లాడాడు. "మీ గల్లీల ఎవలు తీసుకుంటరమ్మా? అందరికి ఫోన్ల నెట్ ఉన్నది గద. ఒక్క ఇంటికోసం అంత దూరం కేబుల్ గుంజుడు కాదు."

ఆపా గొంతు పెంచలేదు.

"మీరు నోటితోని మాట్లాడుతరు సారూ. బొమ్మ ఆగినా మాట ఇనవడ్తది. మా చెల్లె చేతులతోని మాట్లాడ్తది. చెయ్యి నడిమిట్ల ఆగితే నాకేం తెలుస్తది?"

ఆయన ఇంకొన్ని ఇళ్లు ఒప్పుకుంటే చూస్తానన్నాడు.

అలా ఆపా ఇల్లిల్లూ తిరగడం మొదలుపెట్టింది. కూలికి పోయేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు. నెలనెలా బిల్లు అంటేనే భయం. "అటిల్లు ఇటిల్లు కలిసి ఒక్కటి పెట్టుకోండ్రి, నడుమ ఉన్నది ఒక్క గోడనే గద" అని నచ్చజెప్పేది. "నీ చెల్లె కోసం మేమెందుకు కట్టాలె?" అని మొహం మీదే అన్నవాళ్లున్నారు. వాళ్ల ఇంటికి మళ్లీ వెళ్లేది.

ఎండల్లో మొదలుపెడితే చలికాలానికి లైన్ వచ్చింది.

మొదటి సాయంత్రం అక్కచెల్లెళ్లు ఏం మాట్లాడుకున్నారో తెలుసా? ఏం కూర వండావు. ఆ చీర ఎప్పుడు కొన్నావు. జుట్టెందుకు కత్తిరించావు. ఏ పనికీ రాని ముచ్చట్లు, పొయ్యి మీద అన్నం మాడేదాకా.

ఇప్పుడు బాలమణి కూతురు డిగ్రీ క్లాసులు ఇంట్లోనే వింటోంది. అప్పుడు కాదన్నవాళ్లు కూడా తర్వాత కనెక్షన్ పెట్టించుకున్నారు.

వెనక గల్లీకి మాత్రం రాలేదు. అక్కడివన్నీ రేకుల ఇళ్లు. ఆఫీసులో మేనేజర్ మారాడు, కొత్తాయన కుదరదన్నాడు. ఆపా వదల్లేదు. పోయిన వారం మళ్లీ వెళ్లాం. మెట్లెక్కుతూ మధ్యలోనే కూర్చుండిపోయింది.

"జర దమ్మొస్తుంది బిడ్డా."

"దవాఖానకు పోదాం ఆపా."

"గీ పని అయిపోనీ. పోదాం."

పని కాలేదు. దవాఖానకూ పోలేదు.

ఫోటో పెట్టమని కొందరు అడిగారు. ఫోటో అంటే ఆపాకు సిగ్గు, మొహం పక్కకు తిప్పుకునేది. అందుకే పెట్టడం లేదు.

నిన్న మధ్యాహ్నం షాహీన్ వచ్చింది. అక్క చేతులు పట్టుకుని కూర్చుంది. ఎవరు లేవదీసినా లేవలేదు.

జనాజాను భుజాలకెత్తుకుని కదిలినప్పుడు గుమ్మంలో నిలబడింది. వెళ్లిపోతున్న అక్కతో చేతులతో మాట్లాడుతూనే ఉంది. గల్లీ మలుపు తిరిగి, ఎవరూ కనపడకుండా పోయాక కూడా.

కొన్ని మాటలు నాకు అర్థమయ్యాయి. అవి వాళ్లిద్దరివి. ఇక్కడ రాయను.

పోయి రా ఆపా. నువ్వు పడుకున్న మట్టి చల్లగా ఉండాలి. అల్లా నీకు శాంతి, సుకూన్ ఇవ్వాలి.