తమ్ముణ్ణి ఒప్పించడానికి కుప్పం దాకా సైకిల్ ప్రయాణం

ఇంటర్ అయిపోయాక నేను మళ్లీ సైకిల్ ముట్టుకోలేదు. పెళ్లయి మదనపల్లె వచ్చాక, మా ఆయనతో కలిసి బట్టల అంగడి చూసుకుంటూ ఇరవై ఏళ్లకు పైనే కూర్చుని గడిపేశాను. పోయినేడాది కుప్పంలో ఉండే మా తమ్ముడు రవికి రెండు కిడ్నీలూ పాడయ్యాయి. వారానికి మూడుసార్లు డయాలసిస్. పరీక్షలు చేస్తే నా కిడ్నీ వాడికి సరిపోతుందని తేలింది. కానీ డాక్టరమ్మ నా బరువు చూసి, ఇది తగ్గితే తప్ప ఆపరేషన్ మాట ఎత్తొద్దంది. నడుద్దామంటే కాసేపటికే మడమలు లాగేసేవి. అందుకని గేర్లున్న పాత సైకిల్ ఒకటి కొన్నాను.

మొదటి రోజు అంగళ్లు ఊరికి పోయే రోడ్డులో చిన్న మిట్ట కూడా ఎక్కలేక దిగి తోసుకుంటూ ఇంటికొచ్చాను. తెలిసినవాళ్లు చూస్తారేమోనని చున్నీ ముఖానికి చుట్టుకునేదాన్ని. తర్వాత్తర్వాత ఆ సిగ్గు పోయింది, బరువూ తగ్గింది. డాక్టరమ్మ సరేనంది. ఈసారి తమ్ముడు ఒప్పుకోలేదు.

"మెట్లెక్కితేనే ఆయాసపడేదానివి. నీకేమన్నా అయితే బావకి నేనేం సెప్పల్ల? నాకొద్దు పోక్కా," అని ఫోన్ పెట్టేశాడు. తర్వాత ఎన్నిసార్లు చేసినా ఆ మాటెత్తగానే పెట్టేసేవాడు. వాడి కళ్లలో నేనింకా ఆ పాత మనిషినే. చెబితే నమ్మడు, కళ్లారా చూపించాలనుకున్నాను.

డిసెంబరులో ఒక ఆదివారం, వాడికి డయాలసిస్ లేని రోజు చూసుకుని, ఐదున్నరకు బయలుదేరాను. మా ఆయన బండిలో వెనకాలే వస్తానన్నాడు. వద్దంటే, ప్రతి ఊళ్లోనూ ఫోన్ చేయాలని మాట తీసుకున్నాడు. మంచు ఇంకా విడలేదు. టమాటా క్రేట్ల లారీలు మార్కెట్ వైపు ఎదురొస్తున్నాయి. మదనపల్లె నుంచి పుంగనూరు ముప్పై కిలోమీటర్ల లోపే. రోడ్డు బాగుంది కానీ ఎత్తుపల్లాలు ఎక్కువ. దిగేటప్పుడు చలిగాలికి కళ్ల వెంట నీళ్లు కారాయి. ఎక్కేటప్పుడు చిన్న గేరులో, ముందున్న బండరాయి దాకా, ఆ తర్వాత మామిడితోట గేటు దాకా అనుకుంటూ తొక్కాను. ఎనిమిదింటికి పుంగనూరు చేరాను.

బస్టాండు దగ్గర తోపుడుబండి మీద ఇడ్లీలు అమ్మే పెద్దావిడ నా హెల్మెట్ వైపు వింతగా చూసింది.

"యాడికమ్మా సైకిల్లో?"

"కుప్పానికి. ఆడ మా తమ్ముడుండాడు."

"బస్సులు అన్ని పోతాండాయి కదా, యాల ఇంత కష్టం?"

విషయం చెప్పాను. ఆమె అడక్కుండానే ప్లేటులో ఇంకో ఇడ్లీ వేసి, "తినమ్మా. తినకుండా తొక్కితే కళ్లు తిరుగుతాయి," అంది. టిఫిను, టీ కలిపి నలభై రూపాయలు.

పుంగనూరు నుంచి పలమనేరు ఇరవై ఐదు కిలోమీటర్లు ఉంటుంది. సగం దారి హాయిగా సాగింది. ఎండ ముదిరేకొద్దీ కుడి మోకాలు పట్టేయడం మొదలుపెట్టింది. ఒక చింతచెట్టు కింద ఆగి, కాలు చాపుకుని కూర్చున్నాను. కుప్పం దాకా తొక్కుకుంటూ పోయి వాడి గుమ్మం ముందు దిగాలన్నది నా పంతం. కానీ పంతానికి పోయి మోకాలు చెడగొట్టుకుంటే, వాడి భయమే నిజమని నేనే రుజువు చేసినట్టవుతుంది. చాలాసేపు అక్కడే కూర్చున్నాను. ఏడుపు కూడా వచ్చింది. చివరికి మెల్లగా పలమనేరు దాకా తొక్కి, బస్టాండులోకి తిప్పాను.

వి.కోట మీదుగా పోయే కుప్పం బస్సు సిద్ధంగా ఉంది. కండక్టరు ముందు కుదరదన్నాడు. ముందు చక్రం విప్పేస్తానంటే, చివరి సీటు పక్కన పెట్టుకోమన్నాడు.

"ఆడోళ్లకి టికెట్టు ఫ్రీ కదమ్మా. సైకిల్ ఆడదో మగదో నాకు తెలీదు. దానికి లగేజీ కొడతా," అంటూ ఎనభై రూపాయలు తీసుకున్నాడు. బస్సంతా నవ్వారు. పొద్దుటినుంచీ నేను నవ్వింది అప్పుడే.

రెండు దాటాక కుప్పంలో దిగి, చక్రం బిగించుకుని రవి ఇంటికి పోయాను. వాడు వాకిట్లోకి వచ్చి నన్నూ, సైకిల్‌నీ మార్చి మార్చి చూశాడు. ముఖం ఉబ్బి, చేతి మీద సూదుల మచ్చలతో ఉన్నాడు.

"నీకేమన్నా పిచ్చా అక్కా? మదనపల్లె నుంచి తొక్కినావా?"

"పలమనేరు దాకా తొక్కినా. మోకాలు నొప్పెత్తితే బస్సెక్కినా."

అబద్ధం చెప్పి ఉంటే వాడికి తెలిసేది కాదు. కానీ ఈ విషయంలో వాడు నా మాట నమ్మాలి. మరదలు మజ్జిగ తెచ్చింది. రవి లేచి సైకిల్ చుట్టూ తిరిగాడు.

"సీటు ఇంత కిందికి పెట్టుకుంటే మోకాలు నొప్పెత్తక ఏమైతాది?" అంటూ లోపల్నుంచి పానా తెచ్చి, బోల్టు వదులు చేశాడు. నన్ను ఎక్కి కూర్చోమని, కాలు ఎంత చాస్తున్నానో చూసి, సీటు పైకి లాగి బిగించాడు. ఆ మాత్రం పనికే రొప్పుతున్నాడు. తలెత్తకుండానే అడిగాడు.

"ఆపరేషన్ అయినాక నువ్వు మళ్లీ ఎన్నాళ్లకు తొక్కొచ్చంట?"

"తెలీదురా. ఇద్దరం పోయి డాక్టరమ్మనే అడుగుదాం," అన్నాను. వాడు తలూపాడు.

వాడు ఎందుకు ఒప్పుకున్నాడో ఇప్పటికీ అడగలేదు. అంత దూరం తొక్కినందుకా, తొక్కలేనని తెలిసినచోట ఆగినందుకా? ఆగినందుకేనని నాకనిపిస్తుంది. బలం వచ్చిందని నిరూపించుకోవడానికి బయలుదేరిన నాకు, ఒంటి మాట వినడం కూడా బలమేనని ఆ చింతచెట్టు కింద అర్థమైంది. ఆపరేషన్‌కు ఇంకా చివరి పరీక్షలున్నాయి. వాటికి ఇద్దరం కలిసే పోతున్నాం. చాలా ఏళ్ల తర్వాత సైకిల్ ఎక్కి ఈ దారిన పోవాలనుకునేవాళ్లకు ఒకటే మాట: బయలుదేరే ముందు సీటు ఎత్తు సరిచూసుకోండి. పెడల్ అడుగుకు పోయినప్పుడు కాలు దాదాపు నిటారుగా, మోకాలు కాస్త మాత్రమే వంగేలా ఉండాలి.