తడిక అక్కర్లేదన్నాను

రిటైర్మెంటుకు మూడేళ్లుందనగా, ఒక మే నెలలో, నన్ను మత్స్యాభివృద్ధి అధికారిగా సంగారెడ్డికి వేశారు. పటాన్‌చెరు చుట్టుపక్కల చెరువుల్లో చేపపిల్లలు వదిలించడం, మత్స్యకారుల సంఘాలకు సలహాలివ్వడం నా పని. సలహాలివ్వడం నాకు మొదటినుంచీ సరదా.

ఇస్నాపూర్ అవతలి ఒక చెరువు సంఘానికి యాదగిరి అధ్యక్షుడు. వేరే జిల్లా నుంచి వచ్చి మా నాన్న ఇక్కడ పనిచేసిన ఫ్యాక్టరీ క్వార్టర్స్‌కి ఒకప్పుడు చేపలు తెచ్చినవాడే. జూన్‌లో మొదలయ్యే మిరుగం వానలకు ముందు, చెరువులోకి వరద తెచ్చే కాలువ మూతికి వెదురు తడిక కట్టడం వాళ్ల ఆనవాయితీ. కొత్తనీరు తగలగానే ఎదిగిన చేపలు గుడ్లు పెట్టడానికి ఎదురెక్కి పోతాయి. తడిక వాటిని ఆపుతుంది. కట్టడానికి నాలుగు రోజుల పని. సంఘంలో సగంమందికి పాశమైలారం ఫ్యాక్టరీల్లో షిఫ్టులు, సెలవు దొరకదు.

నాకు జాలేసింది, దాంతోపాటు జ్ఞానమూ పొంగింది. ఈ రవ్వ, బొచ్చె చేపలు హేచరీ సరుకనీ, తల్లిచేపలకు సూదిమందిచ్చి సిమెంటు తొట్లలో పుట్టించినవనీ, వీటి తాతలు కూడా ఏరు చూడలేదనీ చెప్పాను. ఎదురెక్కడం వీటికెవరు నేర్పారు, తడిక అక్కర్లేదు పొమ్మన్నాను. వాళ్ల నాయన కట్టేవాడని యాదగిరి గొణిగాడు గానీ, అధికారి మాట కాదనలేకపోయాడు.

జూన్‌లో రెండో వాన గట్టిగా పడింది. తెల్లారేసరికి ఫోనొచ్చింది. నేను వెళ్లేటప్పటికి కాలువ పొడుగునా తోకలే. మోకాలిలోతు నీళ్లలో రవ్వలు ఎగిరెగిరి పైకి పోతున్నాయి. పై పొలాల్లో, చిట్కుల్‌లో కిరాయికుండే ఒడిశా కార్మికులు దోమతెరలతో పట్టుకుంటున్నారు. ఒకాయన నవ్వుతూ నాకూ ఒకటి ఇవ్వబోయాడు. ఇంకా పెద్దవి కావాలని సంఘంవాళ్లు ఆ వేసవి పట్టకుండా ఉంచుకున్న చేపలవి. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది.

యాదగిరి తిట్టలేదు. "మీరు ఈడనే పుట్టిన్రు సార్, మీ నాయిన ఊరు ఎన్నడు సూడలే. అయినా మీ ముక్కు మీ నాయిన ముక్కేనాయె," అన్నాడు.

జన్యుశాస్త్రం చదివిన మిత్రుణ్ణి అడిగాను. ఎదురెక్కే గుణం ఏదో ఒక్క జన్యువుతో వచ్చేది కాదట, ఎన్నో కలిస్తే వచ్చేదట. వాననీటి చల్లదనం, వడి తగిలితే అది లేస్తుంది. నాలుగు తరాలు తొట్లో పుట్టినంత మాత్రాన చెరిగిపోదు. యాదగిరి ఒక్క ముక్కతో తేల్చింది చెప్పడానికి ఆయనకు గంట పట్టింది.

మరుసటి వేసవి పట్టడానికి పెద్ద చేపల్లేక సంఘం వలలు చాలావరకు దండేల మీదే ఉండిపోయాయి. ఆ తప్పు నాది. అప్పటినుంచి ఏ చెరువు దగ్గర పాత కట్టు కనిపించినా, అక్కర్లేదనే ముందు ఎందుకు కట్టారని అడిగేవాణ్ణి.

ఆ మరుసటి వేసవిలోనే, మే నెలాఖరున, తడిక కట్టేటప్పుడు నాలుగు రోజులు సెలవు పెట్టి నేనూ వెదురు చీల్చాను. నేను వేసిన ముళ్లన్నీ యాదగిరి విప్పి మళ్లీ వేశాడు. నేను సలహా ఏమీ చెప్పలేదు.