నాలుగు వేళ్ల అడుగు

మనవడి విరిగిన చేతికి నెల్లూరు ఆస్పత్రిలో కట్టు వేస్తుంటే, ప్లాస్టర్ తడిపిండి వాసన తగిలింది. ఆ తెల్లపిండి గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది. ఆ వేడిని నేను మొదటిసారి అరచేత్తో తాకింది పదకొండేళ్ల వయసులో, పందొమ్మిదివందల అరవైల మొదట్లో, అల్లూరు దగ్గర మా ఊళ్లో. తాకించింది మస్తాన్ అయ్యవారు.

ఆయన మా బడిలో సైన్సు చెప్పేవారు. నెల్లూరులో అచ్చుబొమ్మలు పోసే తన అన్న దగ్గర్నుంచి ఆ పిండి తెచ్చి, ఆదివారం పొద్దున్నే మమ్మల్ని సముద్రం వైపు తీసుకెళ్లేవారు. తడి ఇసుకలో నక్క అడుగో, నీటికుక్క అడుగో కనబడితే చుట్టూ రేకు గుచ్చి, పిండి కలిపి మాతోనే పోయించేవారు. ఏ అడుగు దేనిదో మాకూ ఆయనకూ చెప్పేది మా పొలానికి కాపలా ఉండే యానాది పోలయ్య. "ఈయన నాకు కూడా అయ్యవారే," అనేవారు మస్తాన్ గారు, నవ్వకుండా.

ఒక ఆదివారం మా దొడ్లో మేకపోతు కనబడలేదు. మా నాయన పోలయ్యను బండిచక్రానికి కట్టించాడు. "నేను తియ్యలేదు సామీ, మీ బువ్వ తిన్నోణ్ణి," అని పోలయ్య ఏడుస్తున్నాడు. పిల్లలతో అటుగా వచ్చిన అయ్యవారు అది చూసి నిర్ఘాంతపోయారు. "అడుగులు చూసొస్తాం రెడ్డిగారూ. అంతదాకా ఆయన మీద చెయ్యి వెయ్యొద్దు."

"పొయ్యి చూసుకో," అన్నాడు నాయన.

దొడ్డి వెనక మా ఇంట్లోవాళ్లెవరూ పోని బురదలో మేక గిట్టల గుర్తులు, వాటి పక్కన మనిషి అడుగులు. బురద కలగాపులగంగా ఉండి ఏమీ తెలియలేదు. కాస్త లోతుగా దిగిన ఒక అడుగులో నేనే పిండి పోశాను. గట్టిపడ్డాక పెకలించి, కాలవలో కడిగి తిప్పాను. కుడికాలు. నాలుగే వేళ్లు. చిటికెనవేలు లేదు.

వేళ్లు మళ్లీ లెక్కపెట్టాను. ఆ వేలు మా చిన్నాయనకు లేదు. చిన్నప్పుడు నాగటికర్రు తగిలి పోయింది. నన్ను భుజాన ఎక్కించుకుని తిరణాలకు తీసుకెళ్లిన మా చిన్నాయన! గంట కిందట పోలయ్యను చక్రానికి కడుతూ తాడు బిగించింది కూడా ఆయనే.

"ఎవరిదో తెలుసా అమ్మా?" అన్నారు అయ్యవారు. తల అడ్డంగా ఊపాను. ఆయన ముఖం చూస్తే ఆయనకూ తెలిసిపోయిందని అర్థమైంది. "పోసింది నువ్వు. నీకు నోరు రాకపోతే నేను చెబుతా. పద," అని ఇంటిదాకా నా పక్కనే నడిచారు.

వాకిట్లో నాయన ముందు అచ్చు పెట్టాను. మాట రాలేదు. అయ్యవారు నా పక్కనే కదలకుండా నిలబడ్డారు.

"పోలయ్య కాదు నాయనా. మేకను చిన్నాయనే తోలుకపోయినాడు."

అరుగు మీద కూర్చున్న చిన్నాయన కాలు చప్పున పంచె కిందికి లాక్కున్నాడు. అది చూసి నాయన నిలబడ్డచోటే కూలబడ్డాడు. అయ్యవారే వెళ్లి కట్లు విప్పారు. పోలయ్య పెళ్లాం బిడ్డలతో ఆ సాయంత్రమే ఊరు వదిలిపోయాడు. నెల తిరక్కముందే అయ్యవారికి బిట్రగుంట అవతలికి బదిలీ అయింది. ఎవరు చేయించారో నాయన చెప్పలేదు. నేను అడగలేదు.

తరవాత నేనూ చాలా ఏళ్లు బడిలో పాఠాలు చెప్పాను. నోరు తెరవడానికి వణికే పిల్లలు ఎంతోమంది నా ముందు నిలబడ్డారు. వాళ్లను తొందరపెట్టలేదు, గద్దించలేదు. కుర్చీలోంచి లేచి, వాళ్ల పక్కకు వెళ్లి నిలబడ్డాను.