సిర్కా ఎక్కడ?

వేయిక్కో టాక్సీ తోలడం మొదలుపెట్టి ముప్పై ఏళ్ళు దాటింది. అన్నేళ్ళలో అతను మాట్లాడిన మాటలన్నీ కలిపినా, శనివారం ఆవిరిస్నానాల గదిలో నేను ఒక్క పూట మాట్లాడేటన్ని ఉండవు. అతని వంతు మాటలు కూడా సిర్కాయే మాట్లాడేసేది. సిర్కా అతని భార్య, నాకు చిన్ననాటి నుంచీ స్నేహితురాలు. వాళ్ళకు పిల్లలు లేరు. అడవి అంచు ఇళ్ళలోని పిల్లల్ని పట్నంలో బడికి చేర్చే పని ఊరి మున్సిపాలిటీ ఆ టాక్సీకి ఇచ్చింది. అతను నడిపేవాడు, ఆవిడ వెనక సీట్లో హెల్మికి తోడుగా కూర్చునేది.

హెల్మికి పదేళ్ళు. ఆటిజం ఉంది. ఎవరి కళ్ళలోకీ చూడదు, ఎవరినీ ముట్టుకోనివ్వదు. సిర్కా ఊలు చేతితొడుగు బొటనవేలు మాత్రం పట్టుకుని బడి దాకా కూర్చునేది.

పోయిన సెప్టెంబరులో సిర్కా ఎర్రపళ్ళు కోసుకొస్తానని అడవిలోకి వెళ్ళి అక్కడే కూలిపోయింది. గుండె ఆగిపోయింది. బకెట్‌లో పళ్ళు సగానికి పైగా ఉన్నాయి.

అంత్యక్రియలయ్యాక మా ఊరంతా మహా మర్యాదగా నడుచుకుంది. అంటే, వేయిక్కో ఇంటికి కేకులు పట్టుకెళ్ళి, కాఫీ తాగి, సిర్కా పేరు మాత్రం ఎత్తకుండా వచ్చేశాం. పుండు మీద కారం చల్లకూడదని మా ఉద్దేశం. మంచు గురించీ, దుప్పుల వేట గురించీ మాట్లాడాం. అతను తల ఊపాడు. ఎదురింటి దాన్ని కాబట్టి నాకు తెలుసు, పొద్దున్నే ఇద్దరికీ సరిపడా కాఫీ కాచి, సగం సింకులో పారబోసేవాడు.

తోడు వెళ్ళే పని నాకిచ్చారు. మొదటి రోజు హెల్మి టాక్సీ తలుపు దగ్గరే నిలబడిపోయింది.

"సిర్కా ఎక్కడ?"

వేయిక్కో స్టీరింగు వైపు చూస్తూ, "ఇవాళ రాలేదు" అన్నాడు.

ఇవాళ రాలేదంటే రేపు వస్తుందనేగా. పిల్ల ఎక్కలేదు. మర్నాడూ అంతే, ఆ మర్నాడూ అంతే. గడ్డకట్టే చలిలో రోడ్డు పక్క నిలబడి అడవి వైపు చూసేది. నేను ఖాళీ సీట్లో కూర్చోబోతే చెవులు మూసుకుని అరిచింది. "అది సిర్కా సీటు! నువ్వు సిర్కావి కాదు, మాయిరెవి!" నా ఒళ్ళు ముందు సీట్లో కుక్కుకోవాల్సి వచ్చింది.

పిల్ల టాక్సీ ఎక్కకపోతే బడి పక్క హాస్టల్లో పెట్టేస్తామనీ, శని ఆదివారాలకు ఇంటికి పంపుతామనీ మున్సిపాలిటీ వాళ్ళు కబురు చేశారు. తన మంచం మీద తప్ప ఎక్కడా నిద్రపోని పిల్ల. తల్లి వాకిట్లో నిలబడి ఏడ్చింది.

అప్పుడు బడి నుంచి టీచర్ ఔతి వచ్చింది. ఇలాంటి పిల్లలకు చదువు చెప్పడంలో తల పండిన మనిషి.

"నిద్రపోయిందని చెప్పొద్దు, దేవుడి దగ్గరికెళ్ళిందనీ చెప్పొద్దు. చనిపోయిందని చెప్పండి. ఊపిరి ఆగిపోయింది, నొప్పీ చలీ తెలీవు, తిరిగి రాదు, అది ఎవరి తప్పూ కాదు. ఎన్నిసార్లు అడిగినా అవే మాటలు. చెప్పాల్సింది మీరే, వేయిక్కో. కారు మీది, సిర్కా మీ మనిషి. తర్వాత సమాధి దగ్గరికి తీసుకెళ్ళి చూపిద్దాం."

"ఆ మాట నా నోట రాదమ్మా" అన్నాడు వేయిక్కో.

"రావాలి" అంది ఔతి, గట్టిగానే.

మర్నాడు అతను కారు దిగి, టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు. నేనైతే పక్కకు తిరిగిపోయాను.

"సిర్కా ఎక్కడ?"

"సిర్కా చనిపోయింది. ఊపిరి ఆగిపోయింది."

"ఆకలేస్తుందా?"

"వెయ్యదు."

"చలేస్తుందా?"

"వెయ్యదు."

"నేను ఒకసారి చేతితొడుగు గట్టిగా లాగాను. అందుకా?"

"కాదమ్మా. అందుకు కాదు. ఎవరి తప్పూ కాదు."

"రేపొస్తుందా?"

"రాదు. ఇంకెప్పుడూ రాదు."

పిల్ల చాలాసేపు మంచును బూటుతో తన్నింది. తర్వాత ఎక్కి కూర్చుంది. వేయిక్కో టోపీ పెట్టుకోవడం మర్చిపోయి పట్నం దాకా నడిపాడు.

మర్నాడు మళ్ళీ అడిగింది. మళ్ళీ చెప్పాడు. చలికాలమంతా అదే పాట. క్రిస్మస్ ముందు హెల్మి సమాధి దగ్గర కొవ్వొత్తి వెలిగించి, మంచు మీద చెయ్యి పెట్టి, "ఇది చల్లగా ఉంది. సిర్కాకి చల్లగా లేదు" అంది. కన్నీటి బొట్టు రాలేదు. మార్చిలో బళ్ళో పెన్సిల్ విరిగిందని మాత్రం మధ్యాహ్నమంతా ఏడ్చిందట. ఆ ఏడుపు పెన్సిల్ కోసం కాదని ఔతి చెప్పింది. ఆ రోజు వేయిక్కో సిర్కా చేతితొడుగు తెచ్చి ఆ ఖాళీ సీట్లో పెట్టాడు.

వేయిక్కోని చూసినప్పుడల్లా, రోజూ పొద్దున్నే ఈ శిక్షేమిటి ఇతనికి అనుకునేదాన్ని.

చెరువు మీద మంచు కరిగిన రోజుల్లో ఒక పొద్దున హెల్మి ఏమీ అడక్కుండా ఎక్కింది. బెల్టు పెట్టుకుంది. చేతితొడుగు బొటనవేలు పట్టుకుంది.

"హమ్మయ్య, అర్థమైపోయింది పిల్లకి! నీ బాధ వదిలిందయ్యా వేయిక్కో!" అన్నాను.

అతను కారు కదిలించలేదు. అద్దంలో పిల్లనే చూస్తూ ఉండిపోయాడు. అప్పుడు తట్టింది నాకు. ఇన్ని నెలల్లో మా ఊరివాళ్ళలో ఆ పేరు అతని ముందు పలికింది ఆ పిల్ల ఒక్కతే. ఊరంతా కేకులు మోసుకెళ్ళాం గానీ, సిర్కా ఎక్కడ అని ఒక్కరమూ అడగలేదు. చిన్ననాటి స్నేహితురాల్ని, నేనూ అడగలేదు.

వేయిక్కో వెనక్కి తిరిగాడు.

"హెల్మీ, సిర్కా ఎక్కడ?"

పిల్ల కిటికీలోంచి బయటికి చూస్తూనే చెప్పింది. "సిర్కా చనిపోయింది. ఊపిరి ఆగిపోయింది. చలెయ్యదు. ఎవరి తప్పూ కాదు. ఇంకెప్పుడూ రాదు."

"ఊఁ" అన్నాడు.

హెల్మి చేతితొడుగు బొటనవేలు నొక్కింది.

"నీకింకా అర్థం కాలేదా?"

"లేదమ్మా."

"అయితే రేపు కూడా అడుగు. చెప్తాను."