గౌన్ల కార్ఖానాలో ఊయలలు

మా అమ్మ దర్జీల పేట మెటియాబ్రుజ్‌లో గౌన్లు కుట్టే కార్ఖానాలో పనికి చేరడంతో నా చదువు ఆగిపోయింది. కారణం మా తమ్ముడు. వాడికి అప్పటికింకా పళ్ళు రాలేదు. అమ్మ వెళ్తే వాణ్ణి ఎవరో ఒకరు ఎత్తుకోవాలి. ఆ ఎవరో ఒకరు నేనేనని ఇంట్లో ఎవరూ అనలేదు. అనకుండానే అందరికీ తెలిసిపోయింది. నా నాలుగో తరగతి పుస్తకాలు అటకెక్కాయి. ఇలాగే మానేస్తే పేరు కొట్టేస్తామని మేష్టారు కబురు పెట్టారు.

మేం ఖిదిర్‌పూర్‌లో ఓడరేవు పక్కన డాక్ కూలీల లైను ఇళ్ళల్లో ఉండేవాళ్ళం. అందరం శ్రీకాకుళం వైపు నుంచి వలస వచ్చినవాళ్ళమే. ఓడలు తగ్గిపోయాయి. నాన్న పొద్దున్నే డాక్ గేటు దాకా వెళ్ళి, పిలుపు లేక, ఎండెక్కకముందే తిరిగొచ్చి నులకమంచం మీద పడుకునేవాడు. రెండు గదుల అవతల మా మామ్మ, అంటే నాన్నను కన్నతల్లి, వేరే పొయ్యి పెట్టుకుని ఉండేది. ఆవిడకు ఒంట్లో బాగుండేది, చేతినిండా తీరికా ఉండేది. తమ్ముణ్ణి మాత్రం ముట్టుకునేది కాదు.

"నాను ఎత్తుకోను. ఇంక ఎవుల పిల్లల్నీ ఎత్తుకోను" అని వాడు పుట్టినప్పుడే చెప్పేసింది. అమ్మకు ఒళ్ళు మండింది. ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. లైన్లో పెద్దమనుషులు వచ్చి మామ్మకు నచ్చజెప్పబోయి, ఆవిడ ఇచ్చిన టీ తాగి వెళ్ళిపోయారు. పార్టీ ఆఫీసు నుంచి, అందరూ దాదా, అంటే అన్నగారు, అని పిలిచే నాయకుడు కూడా వచ్చాడు. ఆడకార్మికుల కష్టాల గురించి మాట్లాడి, సమస్యను పైకి నివేదిస్తానన్నాడు. పైన ఎవరున్నారో తెలీదు గానీ తమ్ముడు నా సంకలోనే ఉండిపోయాడు.

చివరికి సంగతి తేల్చింది ఓస్తాగర్. దర్జీల చేత పని చేయించే యజమానిని అక్కడ అలా అంటారు. ఆయనకు సంఘసేవ మీద మక్కువ ఉన్నట్టు ఎవరూ ఎన్నడూ గమనించలేదు. ఆయనకు కావలసిందల్లా దసరా పూజలకు ముందు గౌన్లు బజారుకెళ్ళడం. మా అమ్మ మధ్యాహ్నం తమ్ముడికి పాలివ్వడానికి ఇంటికి బస్సెక్కేది. తిరిగి ఎప్పుడొస్తుందో ఆ బస్సుకే తెలియాలి. పిల్లతల్లులందరిదీ అదే వరస. కాజాలు కుట్టే చేతుల్లేక గౌన్లు గుట్టలు పడ్డాయి. ఆయన రెండు రోజులు విసుక్కుని, గుడ్డల తానులుండే గది ఖాళీ చేయించి, దూలాలకు పాత చీరలతో ఊయలలు కట్టించాడు. పిల్లల్ని చూడ్డానికి జీతం మీద ఒక పెద్దావిడ కావాలన్నాడు.

మర్నాడు అమ్మ తమ్ముణ్ణి ఎత్తుకుని కార్ఖానాకు వెళ్ళేసరికి మామ్మ అప్పటికే గుమ్మంలో కూర్చుని ఆకూవక్కా నములుతోంది. ఆవిడకు పని దొరికింది. అమ్మ తమ్ముణ్ణి ఊయలలో వేసి మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. వాడు ఏడిస్తే మామ్మ ఎత్తుకుంది. నేను బడికి వెళ్ళాను.

పక్క కార్ఖానాల వాళ్ళు మొదట నవ్వారు. ఓస్తాగర్ సరుకు అందరికన్నా ముందు బజారుకెళ్ళాక వాళ్ళూ పాత చీరలు వెతుక్కున్నారు. పార్టీ దాదా వచ్చి ఇది కార్మికుల విజయమని ఉపన్యాసం ఇచ్చాడు. ఓస్తాగర్ తల ఊపుతూ కత్తెరకు నూనె వేసుకున్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. కార్ఖానాకు నమాజు రోజని శుక్రవారం సెలవు, బడికి కాదు. ఆ రోజు అమ్మ వారం బట్టలన్నీ మూటగట్టుకుని నది ఘాట్‌కు వెళ్ళేది. తమ్ముడు మళ్ళీ నా సంకెక్కేవాడు. ఓ శుక్రవారం నాకు లెక్కల పరీక్ష పడింది. వాణ్ణి తీసుకుని మామ్మ దగ్గరికి వెళ్ళాను.

"ఇయ్యాల సెలవు" అంది మామ్మ.

"పరీక్ష మామ్మా! ఇవాళ రాయకపోతే పేరు కొట్టేస్తారు."

మామ్మ నన్ను కిందికీ పైకీ చూసింది. "సంకలో గుంటడు లేనప్పుడు కూడా నువ్వు వంకరగానే నిలబడతన్నావే. నానూ అలాగే నిలబడీదాన్ని. ముందు మా తమ్ముల్ని ఎత్తుకున్నాను, ఆనక నా పిల్లల్ని, ఆనక మీ అత్తల పిల్లల్ని. ఇది కూడా పనేనని ఎవుడన్నా అన్నాడేటి? ఆ దర్జీ బాబొక్కడే అన్నాడు."

అప్పటిదాకా మామ్మది రాతి గుండె అనుకునేదాన్ని. నాకు ఏడుపొచ్చేసింది. ఆవిడ మీద కోపం ఎటు పోయిందో తెలీదు.

మామ్మ లేచి నా చేతుల్లోంచి తమ్ముణ్ణి తీసుకుంది. ఇంక ఉంచేసుకుంటుందనుకున్నాను. చరచరా మా గదికి నడిచి, మంచం మీద నిద్రపోతున్న నాన్న రొమ్ము మీద వాణ్ణి పడేసింది.

"నీకు సేతుల్లేవేట్రా? ఎత్తుకో. గుంటకి పరీచ్చుంది."

పెద్దమనుషులకు, పార్టీకి, ఓస్తాగర్‌కు, అమ్మకు, ఎవరికీ ఈ ఆలోచన తట్టలేదు. నాకూ తట్టలేదు. నాన్న లేచి కూర్చుని, ఓడల్లో బస్తాలు మోసిన చేతులతో వాణ్ణి ఎలా పట్టుకోవాలో తెలీక, ఒంటికి దూరంగా పట్టుకుని నావైపు చూశాడు.

"ఏడిస్తే ఏటి సెయ్యాలే?"

"సంక మార్చు నాన్నా."

"అప్పుడూ ఏడిస్తే?"

"మళ్ళీ మార్చు" అని చెప్పి, పెన్సిలు తీసుకుని బడికి పరిగెత్తాను.