రివాల్వర్లకు పోసిన నూనె

కుట్టుమిషను నూనె వాసన తగిలితే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతాది.

నా చిన్నప్పుడు కరువొచ్చిన ఏడు, ఆయుధపూజకు నాయన, చిన్నాయన చెరో రివాల్వరుకు బొట్టు పెట్టి, పీట మీదుంచి వాదానికి దిగినారు.

"ఇంగ్లీషుదే గొప్పది. దుమ్ములో పడినా పేలతాది" అన్నాడు నాయన.

"అమెరికాదే మేలు అన్నా. ట్రిగ్గరు నొక్కి చూడు, గుండ్ల చక్రం వెన్న మాదిరి తిరగతాది" అన్నాడు చిన్నాయన.

రెండిటికీ నూనె పోసి, ఏది బాగా తిరగతాదో చూసి తేల్చుకోవాలన్నారు. పూజ చేస్తాండారు గదా, మాకు అన్నం పెట్టేది ఆ రివాల్వర్లే అనుకున్నాను. అమ్మ మిషను నూనె డబ్బా నేనే పరిగెత్తి తెచ్చిచ్చినాను.

"రెండు చుక్కలన్నా మిగల్చండి, మిషను కదలడం లేదు" అనింది అమ్మ. ఖాళీ డబ్బా చేతికిచ్చినారు.

ఆ ఏడంతా మేము తిన్నది అమ్మ రవికలు కుట్టి తెచ్చిన కొర్రలే. ఆ పండగనాడు మిషనుకు బొట్టు పెట్టాలని ఎవరికీ తోచలేదు. నాకూ తోచలేదు.