గాలి మీద పోయిన బిందె

ఆ రోజుల్లో మా ఊళ్ళో ఫోనుకు సిగ్నలు కావాలంటే నీళ్ళ ట్యాంకు మెట్లెక్కాలి. (ట్యాంకులో నీళ్ళు నిలిచిన రోజులు తక్కువే గానీ, సిగ్నలు మాత్రం ఎన్నడూ ఎండిపోలేదు.) డిగ్రీ ముగించి, ఉద్యోగం నా అడ్రసు కనుక్కోలేక ఎక్కడో తిరుగుతున్న ఆ ఎండాకాలంలో, నేను పొద్దుగూకేదాకా ఆ మెట్ల మీదే కూర్చుని, ఎవరో తెల్లదొర సైకిలు మీద దేశాలు తిరిగే వీడియోలు చూసేవాణ్ణి. ఆయన ఇల్లు, వంటిల్లు, పడక అన్నీ సైకిలుకు రెండు పక్కలా వేలాడే సంచుల్లోనే. ఎడారులు దాటేవాడు, మంచుకొండలెక్కేవాడు, ఎక్కడ బుద్ధి పుడితే అక్కడ గుడారం వేసి టీ కాచుకునేవాడు. ఆయన ఇంగ్లీషు నాకు సగమే అర్థమయ్యేది. అయినా రెండు సంగతులు మాత్రం బాగా పట్టుబడ్డాయి. బరువు ఎంత కిందికి ఉంటే అంత మంచిది, రెండు పక్కలా సమానంగా ఉండాలి. ఈ రెండు ముక్కలతోనే నేను ప్రపంచం చుట్టి రావడానికి సిద్ధమైపోయాను.

మా నాయన వాడి వదిలేసిన నల్ల సైకిలు దుమ్ము దులిపాను. ఎరువు బస్తాలు కత్తిరించి సంచులు కుట్టాను. గాలిపంపు, ప్యాచులు, సొల్యూషను, పాత ట్యూబు ఒకటి, చాప, దుప్పటి, చెంబు అన్నీ ఎక్కించి, దించి, మళ్ళీ ఎక్కించి, వీధి ఈ చివర నుంచి ఆ చివరికి గంభీరంగా తొక్కేవాణ్ణి. అరుగు మీద కూర్చున్న పెద్దమనుషులు "ఏమప్పా, యాడికి ప్రయాణం?" అనేవాళ్ళు. "ఇంకా అనుకోలేదు మామా" అనేవాణ్ణి. "యాడికో తెలీకుండానే ఇంత సామానా!" అని వాళ్ళు నిజంగానే ఆశ్చర్యపోయినట్టుండేవాళ్ళు. వాళ్ళు ఎగతాళి చేస్తున్నారని నాకు చాలా రోజులు తెలియలేదు.

నా ప్రయాణానికి ఊరు కుదిర్చింది మా అవ్వ. ఆ ఎండాకాలమే మా చేన్లో నీళ్ళు పడ్డాయి. అంతకుముందు వేసిన బోర్లన్నిట్లోనూ పైకి వచ్చింది తెల్లటి దుమ్మే. ఆ దుమ్ము మా నాయన తల మీద, మీసాల మీద పడి, ఇంటికి వచ్చేసరికి ఆయన వయసు పెరిగినట్టుండేది. ఈసారి దుమ్ము కాస్తా బురదైంది, బురద పలచబడింది, ఆ తర్వాత గొట్టంలోంచి నీళ్ళు మనిషెత్తు లేచాయి. కరువుకు పేరుపడ్డ మా బెళుగుప్ప చుట్టుపక్కల పుట్టి పెరిగినవాడికి ఆ దృశ్యం ఎలాంటిదో నేను చెప్పలేను. మా నాయన ఆ బురదలోనే చతికిలబడ్డాడు. మా అమ్మ నవ్వుతూ ఏడ్చింది. అవ్వ మాత్రం దోసిలి పట్టింది, తాగలేదు, కళ్ళకద్దుకుంది. వెంటనే ఇంటికి పోయి తన పెళ్ళినాటి చిన్న ఇత్తడి బిందె తెచ్చి నింపుకుని, చంకనెత్తుకుని నిలబడింది. "దించవే అవ్వా" అంటే దించదు.

విషయం ఏమిటంటే, ఎప్పుడో మోకాళ్ళు బాగున్న రోజుల్లో ఆమె మొక్కుకుందట. "నీళ్ళు పడితే తొలి బిందె నేలకు దించకుండా లేపాక్షికి ఎత్తుకొని పోయి పెద్ద బసవన్నకు చూపిస్తానంటి" అంది. ఇప్పుడు ఆమె వీధి చివరి దాకా పోవడమే కష్టం. నాయన "బస్సులో పోదాంలేమ్మా" అన్నాడు. "కూచోని పోతే మొక్కెట్లయితాది? కష్టపడి పోవల్ల. మొక్కు తీరకుంటే వచ్చిన నీళ్ళు వచ్చినట్టే పోతాయి" అని అవ్వ తేల్చేసింది. బిందె తాత్కాలికంగా దూలానికి కట్టిన ఉట్టిలోకి ఎక్కింది. అందరి కళ్ళూ మెల్లగా నా వైపు, నా వెనక స్టాండేసి ఉన్న సైకిలు వైపు తిరిగాయి. జీవితంలో మొదటిసారి ఒక పనికి నేను తప్ప వేరే మనిషి లేడు.

అయితే ఒక ధర్మసందేహం వచ్చింది. సైకిలు నేల మీదే కదా పోయేది, మరి బిందె నేలను తాకినట్టా కాదా? దీని మీద అరుగు మీద పెద్ద పంచాయితీయే జరిగింది. ఇనుము గుండా దోషం దిగుతుందని ఒకరు, రబ్బరు ఉంటే దిగదని ఒకరు. (ఈయన కరెంటు పనులు చేసేవాడు.) అవ్వ అందరి మాటలూ వినీ వినీ, లేచొచ్చి టైరును బొటనవేలితో నొక్కి చూసింది. "దీంట్లో ఏముండాది?" అంది. గాలి అన్నాను. "అయితే బిందె గాలి మీద పోతాది. నేల మీద కాదు" అంది. పంచాయితీ ముగిసింది. నేను సంబరంగా తలూపి, అంతలోనే నోరు జారి "మరి గాలి పోతే?" అన్నాను. అవ్వ నన్ను ఎగాదిగా చూసి, "పోతే నేలకు దించినట్టే రా" అంది. మా దారుల్లో ప్రతి గజానికీ సర్కారు తుమ్మ ముళ్ళు ఉంటాయి. ఆ రాత్రి నుంచి నాకు కలలన్నీ ముళ్ళే.

బిందెకు చట్రం కట్టే పని గ్యాసు మామది. ఆయన మా ఎదురింటి సాయిబు, గ్యాసు వెల్డింగు షాపు. వరసకు మామ, గొంతుకు మైకు. ఆయన మొదట తయారుచేసిన చట్రం ఎంత గట్టిదంటే, అది బిగించాక బిందె లేకుండానే సైకిలును ఇద్దరు పట్టి లేపాల్సి వచ్చింది. "లారీ గుద్దినా దీనికేం కాదు" అన్నాడు గర్వంగా. "నాకైతాది కదా మామా" అన్నాను. రెండోది సన్న కమ్మీలతో చేసి, వెనక చక్రానికి ఎడమ పక్కన కిందికి వేలాడదీశాడు. పరీక్ష కోసం వేరే బిందెలో నీళ్ళు పోసుకుని ఊరంతా చూస్తుండగా ఎక్కాను. ఎక్కినంత వేగంగానే ఎడమకు పడ్డాను. ఆ మట్టిలో పడుకునే నాకు తెల్లదొర రెండో మాట గుర్తొచ్చింది. కుడి పక్క సంచిలో నా సామానంతా వేశాం, చాల్లేదు. మా అమ్మ జొన్నరొట్టెల దొంతర, చెనిక్కాయల పొడి, బెల్లం తెచ్చి పెట్టింది. గ్యాసు మామ క్యారియరును రెండు చేతులా పైకెత్తి, కళ్ళు మూసుకుని, తక్కెడ పట్టినట్టు చూసి, "ఇంకో రెండు రొట్టెలెయ్యి చెల్లెమ్మా" అన్నాడు. మా అమ్మ వేసింది. సైకిలు నిటారుగా నిలబడింది. నాయన మాత్రం దూరం నుంచి, "నారు ఇంకా లేతగా ఉండాది. నువ్వొచ్చినాక నాటుతాలే" అన్నాడు. టమేటా నారు ఎదిగి ముదిరిపోతోందని నాకూ తెలుసు. మొక్కుల మీద నమ్మకం లేదనే మా నాయన నా కోసం నాట్లు ఆపాడన్నమాట. అప్పుడు నిజంగా భయమేసింది.

తెల్లవారుతుండగా బయలుదేరాను. ఎంత చూసినా తరగని ఎర్ర నేల, గుట్టలు, వాటి మీద తిరిగే గాలిమరలు. రోజూ చూసేవే. కానీ వెనక ఒక బిందె నీళ్ళు 'డుబుక్ డుబుక్' అంటుంటే అదే నేల వేరేగా కనిపించింది. ఇంత నేల మీద నా దగ్గర మాత్రమే నీళ్ళున్నట్టు అనిపించి, వీపు దానంతటదే నిటారైంది. కళ్యాణదుర్గం దాటాక ఒక చెట్టు కింద స్టాండేసి రొట్టెలు తిన్నాను. మళ్ళీ ఎక్కితే సైకిలు ఎడమకు లాగుతోంది! కాసేపు దెయ్యమనుకున్నాను. తర్వాత తెలిసింది. కుడి పక్క బరువు నా కడుపులోకి వచ్చేసింది. ఎడమ పక్క నీళ్ళు తాగడానికి లేదు కదా. రోడ్డు పక్కన రాయి ఒకటి ఏరి సంచిలో వేశాను, సరిపోయింది. అక్కడి నుంచి అదే పద్ధతి. రొట్టె తింటే ఒక రాయి, బెల్లం ముక్క తింటే ఒక గులకరాయి. కంబదూరులో గుండ్రటిది, గుట్ట దిగాక మెరుపురాయి, ఇలా తిన్నచోటల్లా ఒక రాయి ఎక్కింది. తిండి తిన్నా బరువు తగ్గించుకోలేని ప్రయాణికుణ్ణి ఆ తెల్లదొర కూడా చూసి ఉండడు.

పొద్దు గూట్లో పడే వేళకు పావగడలో గ్యాసు మామ అక్క ఇంటికి చేరాను. ఆమె సంగతంతా విని, ఇల్లంతా కలియజూసి, మనవడు పడుకున్న ఉయ్యాల్లోంచి వాణ్ణి తీసి చాప మీద వేసి, ఉయ్యాల్లో బిందె పెట్టింది. "వాడు నేల మీద పండుకుంటే ఏంగాదు" అంది. వాడికది నచ్చలేదు. ఊరంతా వినిపించేలా చెప్పాడు. చివరికి ఆమె అలవాటు కొద్దీ ఉయ్యాల ఊపింది. బిందె ఊగింది, వాడు దాన్ని చూస్తూ నిద్రపోయాడు.

మర్నాడు హిందూపురం ఇంకా కనుచూపు మేరలో లేని చోట, వెనక టైరులోంచి 'సుయ్' మని వినిపించింది. నా గుండెలోంచే వచ్చిందనుకున్నాను. ఒక్క దూకు దూకి, గాలి పూర్తిగా పోకముందే బిందె లాగి చంకకెత్తుకున్నాను. బిందె లేని సైకిలు కుడికి దభీమని పడింది. రాళ్ళన్నీ రోడ్డు మీద దొర్లాయి. మొక్కు దక్కింది, కానీ ఇప్పుడేం చేయాలి? బిందె దించితే మొక్కు పోతుంది, దించకపోతే పంక్చరు వేయలేను. ఆడవాళ్ళ నడుము మీద చక్కగా కూర్చునే బిందె నా నడుము మీద జారుతూనే ఉంది. ఎండ నెత్తి మీదికొచ్చింది. కాసేపటికి టమేటా కోతలకు పోయి వస్తున్న కూలి ఆడవాళ్ళు కనిపించారు.

"ఏమప్పా, బిందెను బాలింత బిడ్డను ఎత్తుకున్నట్ల ఎత్తుకున్నావు? దించరాదా?" అంది ముందున్న ఆమె. మిగిలినవాళ్ళు కొంగులడ్డం పెట్టుకుని నవ్వారు. "దించకూడదక్కా" అని, బోరు సంగతి, అవ్వ సంగతి, గాలి సంగతి చెప్పాను. నవ్వు ఒక్కసారిగా ఆగిపోయింది. "మీ చేన్లో నీళ్ళు పడినాయా? నిజమేనా?" అంది ఆమె మెల్లగా. చెమర్చిన బిందెను వేళ్ళతో తాకి కళ్ళకద్దుకుంది. తర్వాత ఏమీ అడక్కుండా బిందె నా దగ్గర్నుంచి తీసుకుని తన నడుముకెత్తుకుంది. నేను ట్యూబు విప్పి, ముల్లు పీకి, ప్యాచు వేసి, చెమటకు చేతులు జారుతుంటే గాలి కొట్టినంతసేపూ, ఆ బిందె ఒక నడుము మీంచి ఇంకో నడుము మీదికి మారుతూ పోయింది. పొద్దున్నుంచీ వంగి పనిచేసి వచ్చిన నడుములవి. ఒక్కరూ రోడ్డు పక్కన కూర్చోలేదు, ఒక్క చుక్క ఒలకనివ్వలేదు. నేను పంపు వదిలేసి వాళ్ళనే చూస్తూ నిలబడిపోయాను. "గాలి కొట్టప్పా, మా మొగాలు చూసేది కాదు" అన్నాక గానీ కదల్లేదు. చెదిరిన రాళ్ళు కూడా వాళ్ళే ఏరి సంచిలో వేశారు. పోయేటప్పుడు ముందున్నామె "మా ఊరి పేరు గూడా చెప్పు బసవన్నకు" అంది. అంతలో వెనకామె, "మాదీ చెప్పప్పా" అంది. ఆ పేర్లు మరిచిపోతానేమోనని పాటలా పాడుకుంటూ తొక్కాను.

లేపాక్షి బసవన్నను నేను ఫొటోల్లో చూశాను. ఫొటోలకు ఆ రాయి ఎత్తు తెలియదు. చంకలో బిందెతో ఆయన ఎదుట నిలబడి, తల పైకెత్తి, ఎత్తి, ఇంకా ఎత్తి చూశాను. మెడలో గంటలు, పట్టెడ, ఆ లేచిన తల. నీళ్ళ శబ్దం విని ఇప్పుడే ఇటు తిరిగినట్టున్నాడు. ఊళ్ళ పేర్లు అన్నీ గట్టిగానే చెప్పాను (పక్కనున్న టూరిస్టులు నన్ను బస్సు కండక్టరనుకుని ఉంటారు). ఆ తర్వాత బిందె మూతి గుడ్డ విప్పి, ఆయన మీద పోయడానికి పైకెత్తబోయాను. అంతే, కాపలా ఆయన పరుగెత్తుకొచ్చాడు. "ఏయ్, ఈడ నీళ్ళు పొయ్యకూడదు! రూలు లేదు!" బతిమాలాను, కదల్లేదు. ఆయన తప్పేం లేదు, నాలాంటివాళ్ళు రోజుకెందరొస్తారో. ఇంత దూరం వచ్చి మొక్కు ఇక్కడ ఆగిపోయింది. ఇంట్లో నారు ముదిరిపోతోంది. ఒక చేత్తో బిందె పట్టుకుని, ఒక చేత్తో ఇంటికి ఫోను చేశాను. మా అమ్మ ట్యాంకు మెట్ల మీద పొద్దున్నుంచీ కాచుకుని ఉందట. పరుగెత్తుకుపోయి, అవ్వను ఇద్దరి చేత మెట్లెక్కించింది.

"అవ్వా, ఈడ నీళ్ళు పొయ్యనీరంట" అన్నాను, ఏడుపు ఒక్కటే తక్కువ.

"పొయ్యమని ఎవురు చెప్పినార్రా నీకు?" అంది అవ్వ. "చూపిస్తానని కదా మొక్కుకున్న్యా! రాతి మీద పోసేకి మనకేమన్నా నీళ్ళు ఎక్కువైనాయా? చూసినాడా ఆయప్ప?"

"చూసినాడు."

"అయితే మూతి కట్టి ఇంటికి తీసుకురా. అవి మన చేన్లో నీళ్ళు."

పంక్చరు సంగతీ చెప్పేశాను. "గాలి పోయినప్పుడు ఎవురెత్తుకొనింది?" అంది అవ్వ. కూలికి పోయే ఆడవాళ్ళని చెప్పాను. "ఓ, వాళ్ళా! అయితే దిగులు లేదు. వాళ్ళు దించరు" అంది.

బిందెను అదే దారిలో వెనక్కి మోసుకొచ్చాను. (ఉయ్యాల పిల్లాడు ఈసారి నన్ను చూడగానే ఏడుపు మొదలుపెట్టాడు.) అవ్వ చేన్లో బోరు దగ్గర నిలబడి ఒక గుక్క తాగి, "మన నీళ్ళే" అని, మిగిలినవి మొదటి సాలులోకి వంచింది. వెనకే నాయన నారు నాటుతూ వచ్చాడు. సంచిలో రాళ్ళేమిటని అడిగితే, నేను తిన్న తిండి అన్నాను. అవ్వ వాటిని పారేయనివ్వలేదు, బోరు గొట్టం చుట్టూ వరసగా పేర్పించింది. ఆ బోరు చాలా ఏళ్ళు పారింది. తర్వాత, మా వైపు బోర్లన్నిటిలాగే, సన్నబడి ఆగింది. అప్పటికి అవ్వ లేదు. ఆ రాళ్ళు మాత్రం ఇంకా అక్కడే ఉన్నాయి.

ఇప్పుడు నేను అనంతపురంలో ఉద్యోగస్తుణ్ణి, పొట్ట ఉన్నవాణ్ణి. నా దగ్గర చిటికెనవేలితో ఎత్తగలిగే సైకిలు, వాన తగలని సంచులు ఉన్నాయి. ఆదివారాలు తోటి ఉద్యోగులతో పోయి, ఎక్కడో ఆగి అరటిపండు తింటాను. తినగానే నా చెయ్యి నాకు తెలియకుండానే ఒక రాయి ఏరి కుడి పక్క సంచిలో వేస్తుంది. ఇంటికొచ్చాక మా ఆవిడ సంచి దులిపి, రాళ్ళన్నీ నేల మీద పోసి, నడుము మీద చేతులు పెట్టుకుని అడుగుతుంది, "ఈ పక్క రాళ్ళేసినావు, సరే. ఆ పక్క ఏం బరువుండాదని?"

నేను ఎడమ పక్క సంచి తీసి చూపిస్తాను. ఏమీ ఉండదు. పట్టుకుంటే మాత్రం, ఎందుకో, నేలకు దించబుద్ధి కాదు.